ఐఆర్ఎస్‌కి టాక్స్ బాకీ పోస్టులో కట్టడం ఎలా: చెక్ రాయడం నుంచి అది క్లియర్ అయ్యేదాకా

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఏటా రిఫండ్ రావడమే అలవాటు, అందుకే రిటర్న్ తయారయ్యాక 1040 ఫామ్‌లో 37వ లైన్ దగ్గర "అమౌంట్ యు ఓ" (మీరు కట్టాల్సిన బాకీ) అని ఒక అంకె కనపడగానే కంగారు పడిపోతారు. భార్యాభర్తలిద్దరూ జాబ్ చేస్తూ జీతంలో ఎంత టాక్స్ పట్టుకోవాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫామ్‌లో రెండో ఉద్యోగం సంగతి చెప్పకపోతే వస్తుంది, ఆర్ఎస్‌యూలు అంటే కంపెనీ ఇచ్చే షేర్లు మన చేతికొచ్చినప్పుడు (వెస్ట్ అయినప్పుడు) కంపెనీ 22 శాతమే పట్టుకుని మన స్లాబ్ అంతకంటే పైన ఉంటే వస్తుంది, ఇండియాలో ఎఫ్‌డీల మీద వడ్డీ ఇక్కడ చూపించినా వస్తుంది. కంగారు అక్కర్లేదు, కట్టేస్తే అయిపోతుంది. కాకపోతే పోస్టులో కట్టేటప్పుడు డబ్బు అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కి చేరితే చాలదు, అది మీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కింద, సరైన సంవత్సరానికి జమ అవ్వాలి, పైగా మీరు ఫలానా తేదీన పంపారని రుజువు మీ చేతిలో ఉండాలి. కింద చెప్పే ప్రతి స్టెప్పూ ఈ మూడింటి కోసమే.

ముందు: నిజంగా పోస్టులోనే కట్టాలా?

నిజం చెప్పాలంటే బ్యాంక్ అకౌంట్ నుంచి ఐఆర్ఎస్ డైరెక్ట్ పే ద్వారా కట్టడం ఫ్రీ, రెండు నిమిషాల పని, కన్ఫర్మేషన్ నంబర్ అప్పటికప్పుడే వస్తుంది. ఈ-ఫైల్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనే రౌటింగ్ నంబర్, అకౌంట్ నంబర్ ఇచ్చి ఫలానా రోజు తీసుకోమని కూడా చెప్పొచ్చు. 2025 మార్చిలో ప్రభుత్వం పేపర్ చెక్కులు తగ్గించమని ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ కూడా ఇచ్చింది, అందుకే ఐఆర్ఎస్ అందరినీ ఆన్‌లైన్ వైపు తోస్తోంది. చెక్ పంపే ముందు ఒక్కసారి ఐఆర్ఎస్ పేమెంట్స్ పేజీ చూసి చెక్కులు తీసుకుంటున్నారని తేల్చుకోండి.

అయినా పోస్టు అవసరం పడేవాళ్లు ఉన్నారు. డైరెక్ట్ పే మీరెవరో గుర్తుపట్టడానికి పాత రిటర్న్ వివరాలు అడుగుతుంది, మొదటిసారి ఫైల్ చేసేవాళ్లకి ఆ పాత రిటర్నే ఉండదు కదా. గ్రీన్ కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నలు ఆన్‌లైన్‌లో అకౌంట్ నంబర్ కొట్టడానికి ససేమిరా అంటారు. పేపర్ రిటర్నే పంపాల్సి వస్తే దాంతో పాటే చెక్ పెట్టేయడం సుఖం. అలాంటి వాళ్ల కోసం ఇది.

స్టెప్ 1: మీ దగ్గరున్నది ఏ రకం బిల్లో చూసుకోండి

ఇక్కడే సగం మంది కలిపేస్తారు. మూడు రకాలు ఉన్నాయి, మూడింటికీ చీటీ వేరు, అడ్రస్ వేరు.

మొదటిది రిటర్న్‌తో వచ్చే బాకీ. దీనికి ఫామ్ 1040-వి అనే పేమెంట్ వోచర్ వాడాలి, 1040కి, నాన్‌రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్‌కి కూడా ఇదే వోచర్. గడువు మామూలుగా ఏప్రిల్ 15.

రెండోది నోటీసు బిల్లు. రిటర్న్ ఫైల్ చేసి డబ్బు కట్టకపోతేనో, తక్కువ కడితేనో కొన్ని వారాల తర్వాత సీపీ14 అనే లెటర్ వస్తుంది. నోటీసు నంబర్ పేజీ మూలలో ఉంటుంది. చివర్లో చింపి పంపడానికి ఒక స్లిప్ ఉంటుంది, దానికి ఆ స్లిప్పే వాడాలి, 1040-వి కాదు, అడ్రస్ కూడా ఆ స్లిప్ మీద ఉన్నదే. సాధారణంగా లక్ష డాలర్ల లోపు బాకీకి 21 రోజులు టైమ్ ఇస్తారు, ఆ లోపు కడితే ఆ నోటీసులో ఉన్న మొత్తం మీద అక్కణ్నుంచి అదనపు వడ్డీ పడదు. ఇక్కడ ఒక జాగ్రత్త: సీపీ2000 అని వస్తే అది బిల్లు కాదు. మీరు చూపించని ఆదాయం ఏదో తమ దగ్గర కనపడిందని, దాన్ని బట్టి ఇంత కట్టాల్సి రావచ్చని చెప్పే ప్రతిపాదన మాత్రమే. స్టాక్స్ అమ్మినప్పుడు కొన్న ధర చూపించకపోతే మొత్తం అమ్మకం డబ్బంతా లాభం అనుకుని ఇలాంటివి పంపిస్తారు, మనవాళ్లు భయపడి వెంటనే చెక్ రాసేస్తారు. ముందు లెక్క చూడండి, ఒప్పుకుంటారో లేదో జవాబు రాయండి, తర్వాతే డబ్బు.

మూడోది ఎస్టిమేటెడ్ టాక్స్, అంటే ఈ ఏడాది ఆదాయానికి ముందుగానే వాయిదాల్లో కట్టేది. దీనికి 1040-ఈఎస్ వోచర్లు, ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, ఆ తర్వాత జనవరి 15. ఏప్రిల్‌లో పాత ఏడాది బాకీ, కొత్త ఏడాది మొదటి వాయిదా రెండూ ఒకే రోజు పడతాయి కాబట్టి రెండు వేర్వేరు చెక్కులు, రెండు వేర్వేరు కవర్లు. ఒకే చెక్కులో కలిపి పంపితే దేనికి ఎంత అనేది వాళ్లు తేల్చుకోలేరు, తర్వాత ఫోన్‌లో మీరు గంటలు గంటలు తేల్చుకోవాలి.

స్టెప్ 2: చెక్ రాయడం

"పే టు ది ఆర్డర్ ఆఫ్" దగ్గర "యునైటెడ్ స్టేట్స్ ట్రెజరీ" అని పూర్తిగా ఇంగ్లీషులో రాయండి. ఐఆర్ఎస్ అని రాయొద్దు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఎవరైనా చెక్ కొట్టేస్తే ఆ మూడక్షరాలని దిద్ది ఇంకో పేరు చేయడం తేలిక.

తేదీ అమెరికా పద్ధతిలో, ముందు నెల, తర్వాత రోజు. ఏప్రిల్ 10 అంటే 04/10. మనం అలవాటుగా 10/04 అని రాస్తే అది అక్టోబర్ నాలుగు అయి కూర్చుంటుంది.

అంకెల గడిలో మన ఇండియా అలవాటు బయటపడుతుంది. అక్కడ చెక్ రాస్తే చివర "/-" పెట్టకపోతే మనకి నిద్ర పట్టదు. ఇక్కడ అది పెట్టొద్దు. ఐఆర్ఎస్ 1040-వి సూచనల్లో ప్రత్యేకంగా చెప్పింది, గీతలు, డాష్‌లు, వంద కింద భిన్నాలు ఏవీ లేకుండా పాయింట్ పెట్టి సెంట్లు రాయమని. అంటే బాకీ 1842 డాలర్ల 37 సెంట్లు అయితే గడిలో 1842.37, అంతే. రౌండ్ ఫిగర్ అయినా 1800.00 అని రెండు సున్నాలూ పెట్టాలి. అక్షరాల్లో రాసే లైన్ మాత్రం మామూలు బ్యాంక్ పద్ధతే, డాలర్లు మాటల్లో, సెంట్లు 37/100 అని, మిగిలిన ఖాళీ అంతా ఒక గీత కొట్టేయండి.

ఇప్పుడు అసలైన భాగం. చెక్ మీద ఇవన్నీ ఉండాలి: మీ పేరు, అడ్రస్, పగటిపూట దొరికే ఫోన్ నంబర్, ఎస్ఎస్ఎన్, టాక్స్ సంవత్సరం, ఫామ్ నంబర్ లేదా నోటీసు నంబర్. పేరు, అడ్రస్ చాలా చెక్కుల మీద ప్రింట్ అయ్యే ఉంటాయి, పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉంటే కొట్టేసి కొత్తది రాయండి. మెమో లైన్‌లో "2025 ఫామ్ 1040" అని, పక్కనే ఎస్ఎస్ఎన్. సంవత్సరం అంటే మీరు సంపాదించిన సంవత్సరం, చెక్ రాస్తున్న సంవత్సరం కాదు, 2026 ఏప్రిల్‌లో కట్టేది 2025 టాక్స్. జాయింట్ రిటర్న్ అయితే చెక్ ఎవరి అకౌంట్‌దైనా పర్లేదు గానీ రిటర్న్‌లో ఎవరి పేరు మొదట ఉందో వాళ్ల ఎస్ఎస్ఎన్ రాయాలి. ఇంట్లో బిల్లులు కట్టేది భార్య, రిటర్న్‌లో మొదటి పేరు భర్తది అయిన ఇళ్లలో ఇది తారుమారు అవుతూ ఉంటుంది. చెక్ మీద పూర్తి ఎస్ఎస్ఎన్ రాయాలంటే మనసొప్పదు, తెలుసు, కానీ వోచర్ ఎక్కడైనా విడిపోతే ఆ చెక్ ఎవరిదో చెప్పేది అదొక్కటే.

జెల్ పెన్ నల్ల ఇంకుతో రాయండి. దొంగిలించిన చెక్కులని కెమికల్‌తో కడిగి కొత్త పేరు రాసుకోవడం ఇక్కడ బాగా పెరిగింది, మామూలు బాల్ పెన్ ఇంకు తేలిగ్గా పోతుంది. సంతకం పెట్టడం మర్చిపోకండి.

చెక్‌బుక్కే లేనివాళ్లు బ్యాంక్ బ్రాంచ్‌లో క్యాషియర్స్ చెక్ తీసుకోవచ్చు, లేదా పోస్టాఫీసులో మనీ ఆర్డర్, ఒక్కో మనీ ఆర్డర్ గరిష్ఠంగా 1000 డాలర్లు. వాటి మీదా పైన చెప్పిన వివరాలన్నీ రాయాలి, కౌంటర్ ఫాయిల్ దాచాలి. బ్యాంక్ యాప్‌లో బిల్ పే నొక్కితే బ్యాంకే చెక్ ప్రింట్ చేసి పంపుతుంది కదా అని కొందరు అడుగుతారు. నా సలహా వద్దనే. అందులో మీ వోచర్ ఉండదు, ఎప్పుడు పోస్ట్ అయిందో మీ చేతిలో ఉండదు, రుజువూ ఉండదు. ఇంక క్యాష్ మాత్రం కవర్లో పెట్టొద్దు, ఎంత చిన్న మొత్తమైనా సరే.

అకౌంట్‌లో డబ్బు ఉండేలా చూసుకోండి. చెక్ బౌన్స్ అయితే బ్యాంక్ ఫీజు కాక ఐఆర్ఎస్ పెనాల్టీ వేరే: చెక్ మొత్తం 1250 డాలర్లు గానీ ఆపైన గానీ ఉంటే అందులో 2 శాతం, అంతకంటే తక్కువైతే 25 డాలర్లు, చెక్కే 25 కన్నా చిన్నదైతే ఆ మొత్తం.

స్టెప్ 3: వోచర్

1040-వి ఐఆర్ఎస్ సైట్లో దొరుకుతుంది, టాక్స్ సాఫ్ట్‌వేర్ అయితే రిటర్న్ పీడీఎఫ్‌తో పాటే ఇస్తుంది. సంవత్సరం సరిగ్గా ఉందో లేదో పైన చూడండి, పాత ఏడాది ఫామ్ సెర్చ్‌లో ముందు వచ్చేస్తుంటుంది. నింపడానికి ఉన్నవి నాలుగే: ఒకటో గడిలో మొదటి వ్యక్తి ఎస్ఎస్ఎన్, రెండో గడిలో జాయింట్ అయితే స్పౌస్‌ది, మూడులో చెక్ మీద రాసిన మొత్తం, నాలుగులో పేర్లు, అడ్రస్. హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి ఎస్ఎస్ఎన్ లేకపోతే దాని బదులు ఐఆర్ఎస్ ఇచ్చే టాక్స్ నంబర్, అంటే ఐటిన్ రాయాలి. చుక్కల గీత దగ్గర కత్తిరించి ఆ ముక్కే పంపాలి, పేజీ మొత్తం కాదు.

చెక్కునీ వోచర్‌నీ స్టేపుల్ చేయొద్దు, పేపర్ క్లిప్ కూడా పెట్టొద్దు, విడివిడిగా కవర్లో వేసేయండి. మనకి పిన్ను కొట్టకపోతే కాగితాలు పోతాయని భయం, కానీ అక్కడ కవర్లు తెరిచేది మెషీన్లు, పిన్ను ఉంటే పని ఆగుతుంది.

ఈ-ఫైల్ చేసినవాళ్లు కవర్లో వోచర్, చెక్ ఈ రెండే పెట్టాలి. రిటర్న్ కాపీ పెట్టకండి. పేపర్ ఫైలింగ్ అయితే మాత్రం రిటర్న్, దానికి జోడించిన డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, టాక్స్ వివరాల ఫామ్), వోచర్, చెక్ అన్నీ ఒకే కవర్లో, చెక్కు మాత్రం దేనికీ జోడించకుండా.

కవర్ అంటించే ముందు చెక్కునీ వోచర్‌నీ ఫోన్‌లో ఫోటో తీయండి.

స్టెప్ 4: అడ్రస్

ఇది మీరుండే రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 1040-వి రెండో పేజీలో పట్టిక ఉంటుంది, టెక్సస్, జార్జియా, నార్త్ కరొలైనా వాళ్లది షార్లెట్‌కి వెళ్తుంది, న్యూజెర్సీ వాళ్లది లూయివిల్, కాలిఫోర్నియా వాళ్లది సిన్సినాటీ. పీఓ బాక్స్ నంబర్లు నేను కావాలనే ఇవ్వట్లేదు, అవి మారుతుంటాయి, కాలిఫోర్నియా వాళ్ల డబ్బు ఇంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్లేది, ఇప్పుడు కాదు. ఎవరో నిరుడు వాట్సాప్‌లో పంపిన అడ్రస్ వాడకుండా ఈ ఏడాది వోచర్ మీద ఉన్నదే చూసి రాయండి. పేమెంట్ ఉన్న రిటర్న్‌కి ఒక అడ్రస్, లేని రిటర్న్‌కి ఇంకొకటి, రిటర్న్ ఎక్కడికి పంపాలో చెప్పే ఐఆర్ఎస్ పేజీలో రెండు కాలమ్స్ పక్కపక్కనే ఉంటాయి, చూపు జారొద్దు.

ఇంకో సంగతి, ఇవన్నీ పీఓ బాక్సులు కాబట్టి ఫెడెక్స్, యూపీఎస్ వాళ్లు అక్కడికి డెలివరీ చేయలేరు. ఇక్కడి ప్రభుత్వ పోస్టు యూఎస్‌పీఎస్సే గతి. ప్రైవేట్ కొరియర్‌లోనే పంపాలంటే దానికి ఐఆర్ఎస్ వేరే వీధి అడ్రసులు ఇచ్చింది, కొరియర్‌లోనూ ఫలానా సర్వీసులే చెల్లుతాయని లిస్టు ఉంది, ఆ బాధ పడేకంటే పోస్టాఫీసుకి పోవడం నయం.

స్టెప్ 5: పోస్టాఫీసు

చట్టం ప్రకారం సరైన అడ్రస్, సరిపడా స్టాంపు ఉండి, గడువు రోజు లోపు పోస్ట్‌మార్క్ పడితే చాలు, చెక్ తర్వాత చేరినా టైమ్‌కి కట్టినట్టే. ఏప్రిల్ 15న ముద్ర పడితే 20న చేరినా పర్లేదు. అయితే ఈ ముద్ర దగ్గరే ఇప్పుడు చిక్కు వచ్చింది. మీరు డబ్బాలో వేసిన రోజే ముద్ర పడుతుందన్న గ్యారంటీ లేదు, చాలా ఉత్తరాలకి ముద్ర పడేది దూరంలో ఉన్న ప్రాసెసింగ్ సెంటర్‌కి వెళ్లాకే. 2025 డిసెంబర్ 24 నుంచి యూఎస్‌పీఎస్ తన రూల్స్‌లోనే ఈ సంగతి స్పష్టంగా రాసింది, ముద్ర మీద ఉన్న తేదీ మీరిచ్చిన తేదీ కాకపోవచ్చు అని. 15 సాయంత్రం నీలం డబ్బాలో వేసి ఇంటికొచ్చి నిశ్చింతగా పడుకునే రోజులు పోయాయన్నమాట.

కాబట్టి కౌంటర్‌కి వెళ్లండి. సర్టిఫైడ్ మెయిల్ అడగండి, రిటర్న్ రిసీట్ (ఉత్తరం అందినట్టు మీకు తిరిగొచ్చే రసీదు) కూడా కావాలంటే పచ్చ కార్డు నింపాలి, అన్నీ కలిపి పది డాలర్ల చుట్టూ అవుతుంది. సర్టిఫైడ్ స్లిప్ మీద క్లర్క్ చేత తేదీ ముద్ర వేయించుకోండి, అది వదలొద్దు, ఎందుకంటే రేపు పేచీ వస్తే చట్టం గుర్తించే రుజువు ఆ ముద్ర పడ్డ రిసీటే. అంత ఖర్చు ఎందుకనుకుంటే, గడువుకి ఇంకా వారం, రెండు వారాలు ఉంటే, మామూలు ఫస్ట్ క్లాస్‌లో పంపినా కౌంటర్‌లో చేత్తో ముద్ర వేయమని అడగండి, దానికి డబ్బు తీసుకోరు. బాకీ వందల్లో ఉంటే నేనైతే ఇంతే చేస్తాను, వేలల్లో ఉంటే సర్టిఫైడ్.

ఈ పోస్ట్‌మార్క్ వెసులుబాటు ఏప్రిల్ 15 లాంటి చట్టబద్ధమైన గడువులకి. సీపీ14 లాంటి నోటీసు మీద ఉన్న తేదీకి దాన్ని నమ్ముకోకుండా డబ్బు ఆ లోపు చేరిపోయేలా ముందే పంపండి.

పంపాక

బ్యాంక్ అకౌంట్ చూస్తూ ఉండండి. చెక్కుని స్కాన్ చేసి ఎలక్ట్రానిక్‌గా డబ్బు లాగేసుకోవచ్చు, చెక్ కాగితం మీకు తిరిగి రాకపోతే ఆశ్చర్యపోవద్దు. సీజన్‌లో ఆలస్యం మామూలే. రెండు వారాలు దాటినా డెబిట్ అవ్వకపోతే 800-829-1040కి కాల్ చేసి పేమెంట్ జమ అయిందో లేదో అడగండి, అవ్వలేదంటే చెక్కుకి స్టాప్ పేమెంట్ పెట్టి ఇంకోటి పంపొచ్చు. అడక్కుండానే రెండో చెక్ పంపేస్తే రెండూ క్లియర్ అయి అదో తలనొప్పి.

డెబిట్ అయ్యాక ఐఆర్ఎస్ ఆన్‌లైన్ అకౌంట్‌లో ఆ సంవత్సరం కింద కనపడుతోందో లేదో చూడండి. ఈలోగా సీపీ14 వస్తే మళ్లీ కట్టేయకండి, మీ చెక్కూ వాళ్ల లెటరూ దారిలో ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. కట్టిన డబ్బు వేరే సంవత్సరానికి జమ అయితే, క్లియర్ అయిన చెక్ ఇమేజ్ రెండు వైపులా బ్యాంక్ నుంచి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని కాల్ చేయండి, వాళ్లు సరైన చోటుకి మారుస్తారు.

మొత్తం కట్టే స్తోమత ఇప్పుడు లేకపోతే

రిటర్న్ మాత్రం టైమ్‌కి ఫైల్ చేసేయండి. ఇది గట్టిగా చెప్తున్నాను. కట్టనందుకు పెనాల్టీ నెలకి అర శాతం, ఫైల్ చేయనందుకు నెలకి 5 శాతం. 2000 డాలర్ల బాకీ మీద మొదటిది నెలకి 10 డాలర్లు, రెండోది 100. డబ్బు లేదని రిటర్న్ దాచిపెట్టుకోవడం అంత దండగ పని ఇంకోటి లేదు. ఉన్నంత చెక్ వోచర్‌తో పంపండి, మిగతాదానికి ఆన్‌లైన్‌లోనో ఫామ్ 9465 పంపో వాయిదాలు అడగండి, టైమ్‌కి ఫైల్ చేసినవాళ్లకి వాయిదాలు నడుస్తున్నంత కాలం ఆ అర శాతం కూడా పావు శాతం అవుతుంది. వడ్డీ వేరే, రోజువారీ చక్రవడ్డీ, 2025లో అది ఏడాదికి 7 శాతం ఉంది. ఫామ్ 4868తో అక్టోబర్ 15 దాకా వచ్చే ఎక్స్‌టెన్షన్ కాగితాలకే, డబ్బుకి కాదు.

రాష్ట్రం టాక్స్

టెక్సస్, ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల వాళ్లకి జీతం మీద రాష్ట్రం టాక్స్ లేదు, ఈ భాగం వదిలేయొచ్చు. మిగతావాళ్లు ఫెడరల్ చెక్కుతో కలపకుండా వేరే చెక్, వేరే వోచర్, వేరే కవర్. కాలిఫోర్నియాలో ఈ-ఫైల్ చేసినవాళ్లకి ఫామ్ 3582, చెక్ "ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డ్" పేరు మీద. న్యూయార్క్ వాళ్లు "న్యూయార్క్ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్" అని రాయాలి, వోచర్ ఐటి-201-వి. వర్జీనియాకి గడువు మే 1. కాలిఫోర్నియాలో బే ఏరియా జీతాల వాళ్లు ఒకటి చూసుకోవాలి, ఒక్కసారి 20,000 డాలర్లు దాటి ఎస్టిమేటెడ్ కట్టినా, ఏడాది టాక్స్ 80,000 దాటినా ఆ తర్వాత నుంచి ఎలక్ట్రానిక్‌గానే కట్టాలి, చెక్ పంపితే 1 శాతం పెనాల్టీ.

ఇండియాకి వచ్చేసినవాళ్లు

ఏడాది మధ్యలో సర్దుకుని హైదరాబాదో విజయవాడో వచ్చేసినవాళ్లకి కూడా ఆ ఏడాది బాకీ ఉండొచ్చు. మీరు అమెరికా పౌరులో, టాక్స్ లెక్కలో ఇంకా రెసిడెంటో అయ్యి, ఏప్రిల్ 15 నాటికి మీ నివాసమూ పనిచేసే చోటూ అమెరికా బయట ఉంటే ఫైలింగ్‌కీ కట్టడానికీ జూన్ 15 దాకా టైమ్ దానంతటదే వస్తుంది, వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే లెక్క. చెల్లింపు అమెరికా డాలర్లలోనే, మీ ఇండియా బ్యాంక్ రూపాయల చెక్ అక్కడ చెల్లదు. అందుకని వచ్చేటప్పుడు అమెరికా అకౌంట్ మూసేయకండి, చివరి రిటర్న్ బాకీ తీరి అది ఐఆర్ఎస్ అకౌంట్‌లో కనపడేదాకా అందులో కొంత ఉంచండి. అది ఉంటే ఇండియా పోస్టుని నమ్ముకోవక్కర్లేదు, ఈ-ఫైల్ చేసేటప్పుడే అక్కణ్నుంచి డెబిట్ పెట్టేయొచ్చు. ఆన్‌లైన్ అస్సలు కుదరకపోతే అక్కడున్న నమ్మకమైన మనిషికి సంతకం చేసిన చెక్, వోచర్ ముందే ఇచ్చి రావాలి, మొత్తం తేలాక వాళ్లు అంకె నింపి పోస్ట్ చేస్తారు, కానీ ఖాళీ చెక్ ఇచ్చేంత నమ్మకం ఎవరి మీద ఉందో అది మీరే చూసుకోవాలి.